ఆ అయిదు రెట్లలో మీవి ఎన్ని?

ప్రశ్న: సర్, నేను మెషిన్ డిజైన్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. మనుషులు తిరిగేచోట పైన వేలాడే ఒక మోటారుని మోసే బ్రాకెట్‌కి సేఫ్టీ ఫ్యాక్టర్ 3 తీసుకున్నాను, అంటే దాని మీద పడే భారానికి మూడు రెట్లు తట్టుకునే బలం. మా టీమ్ లీడ్ దాన్ని 1.8కి దించమంటున్నారు. "విమానాలే 1.5తో ఎగురుతున్నాయి, నీ బ్రాకెట్‌కి 3 ఎందుకు? ఇది లెక్క కాదు, భయం" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆఫీసులో ఇలా ఉండే నేను ఇంటి విషయాల్లో అంతా బొటాబొటిగానే నడిపిస్తాను. రైలు కదిలే నిమిషానికి ప్లాట్‌ఫామ్ మీదికి చేరతాను, ఇప్పటిదాకా ఒక్కటీ తప్పిపోలేదు. గడువు ఉన్న ఏ పనైనా చివరి రాత్రి జాగారం చేసి ముగిస్తాను. ఇప్పుడు ఇల్లు కొనాలనుకుంటున్నాం. నా జీతం, మావారి జీతం కలిపితే ఖర్చులు పోను నెల వాయిదాకి సరిగ్గా సరిపోతుంది. "సరిపోతోందిగా, ఇంకేం కావాలి" అంటారాయన. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు మార్జిన్ ఎంత ఉండాలి? జాగ్రత్త ఎక్కడ ఆగి పిరికితనం ఎక్కడ మొదలవుతుంది?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బ్రాకెట్, రైలు, ఇల్లు వేర్వేరు సంగతులని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం మూడూ ఒకే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. దానికి జవాబు నాకు ఎక్కడ దొరికిందో ముందు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. వర్క్‌షాపులో ఒక గేర్‌బాక్స్‌ని లేపి పక్క బేలోకి మార్చాలి. నేమ్‌ప్లేట్ మీద 3 టన్నులని ఉంది. రెండు వైర్‌రోప్ స్లింగులు, అంటే బరువుని హుక్‌కి తగిలించే ఉక్కు తీగల తాళ్లు, తెప్పించాను, ఒక్కోటీ 2 టన్నులు ఎత్తేది. రెండూ కలిపితే నాలుగు కదా అని నా ధీమా. అక్కడ క్రేన్ హుక్ ఎత్తు చాలక పొట్టి స్లింగులు వాడాల్సి వచ్చింది. అవి బాగా వాలిపోయి, నేలతో 30 డిగ్రీల కోణంలో బిగిశాయి. బరువులు కట్టి ఎత్తించే రిగ్గర్ పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. నేను పుస్తకాల్లోంచి అప్పుడే బయటికొచ్చినవాణ్ణి. "స్లింగుకి అయిదు రెట్ల ఫ్యాక్టర్ ఉంటుంది, పది టన్నులదాకా తెగదు" అన్నాను.

ఆయన వాదించలేదు. జేబులోంచి ఒక పాత గుడ్డపేలిక తీసి నా చేతికిచ్చి, స్లింగు పొడవునా తుడుచుకుంటూ రమ్మన్నాడు. మూడుచోట్ల గుడ్డ పట్టేసింది. వంగి చూస్తే వెంట్రుకంత తీగలు తెగి ముళ్లలా పైకి లేచి ఉన్నాయి. తర్వాత గేర్‌బాక్స్ అంచు చూపించాడు. స్లింగు ఆ పదునైన మూల మీద మడతపడుతోంది, మధ్యలో ప్యాకింగ్ ఏమీ లేదు. క్రేన్ ఆపరేటర్ కొత్తవాడు, స్విచ్ నొక్కితే హుక్ ఒక్క కుదుపుతో లేస్తోంది. నేమ్‌ప్లేట్ మీది బరువులో లోపలున్న ఆయిలూ, చివర బిగించిన కప్లింగూ కలవలేదు. ఒక్కోటి చెబుతూ ఒక్కో వేలు ముడిచాడు. ఆఖరి వేలు కోణానికి. 30 డిగ్రీల వాలులో ఒక్కో స్లింగు మీద పడేది సగం బరువు కాదు, మొత్తం 3 టన్నులు.

"ఆ అయిదులో మనది ఒక్కటే సార్" అన్నాడు. "మిగతా నాలుగూ మనకి తెలియనివాటివి. వాటి వాటా కూడా మనమే వాడేసుకుంటే, అవి వచ్చి అడిగినప్పుడు ఏమిస్తాం?"

గేర్‌బాక్స్‌ని రోలర్ల మీద హుక్ ఎత్తు ఉన్నచోటికి నెట్టుకెళ్లాం. స్లింగులు మార్చి, మూలలకి ప్యాకింగ్ పెట్టి, 60 డిగ్రీల కోణంలో ఎత్తాం. ఆయిలూ కప్లింగూ కలుపుకున్నా ఒక్కో స్లింగు మీద 2 టన్నులకి లోపే పడింది. రెండు గంటలు ఆలస్యమైంది, అంతే. ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి ఆ రోజు వర్క్‌షాపులో ఇంకెవరికీ గుర్తుండి ఉండదు. నేను మాత్రం ఆ తర్వాత ఏ సేఫ్టీ ఫ్యాక్టర్ చూసినా, ఇందులో నాది ఎంత, తెలియనివాటిది ఎంత అని అడగకుండా ఉండలేకపోయాను.

తెలియనిది ఎలా వచ్చి తన వాటా అడుగుతుందో చెప్పడానికి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. దాన్ని రూపొందించిన జాన్ రోబ్లింగ్ కేబుళ్లకి అవసరానికి ఆరు రెట్ల బలం పెట్టాడు. 1869లో ఆయన చనిపోయాక కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ పని చేపట్టాడు. 1878లో ఒక మోసం బయటపడింది. తీగ సరఫరా చేసే కాంట్రాక్టరు, పరీక్షలో తిరస్కరించిన తీగనే మళ్లీ లోపలికి పంపిస్తున్నాడు. అప్పటికే అది చాలావరకు కేబుళ్లలో కలిసిపోయింది, వెనక్కి తీసే వీలు లేదు. వాషింగ్టన్ కూర్చుని లెక్క వేస్తే ఆరు రెట్లు కాస్తా సుమారు అయిదుకి దిగింది. ఒక్కో కేబులుకీ 150 మంచి తీగలు అదనంగా చేర్పించి ముందుకు సాగాడు. 1883లో వంతెన తెరిచారు, ఈనాటికీ వాడుకలో ఉంది. ఆరు అనుకున్న రోజున ఆ తండ్రి మనసులో ఈ మోసం లేదు. పేరు తెలియని ఆపద కోసం ఆయన పెట్టి ఉంచిన చోటులో అది పట్టింది.

ఇక మీ లీడ్ సంగతి. ఆయన్ని కొట్టిపారేయకండి, సగం న్యాయం ఆయన వైపు ఉంది. విమానానికి 1.5 అన్న మాట నిజమే. సర్వీసులో ఎదురయ్యే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలన్నది నియమం. కానీ ఆ 1.5 ఊరికే రాలేదు. 1995లో బోయింగ్ 777 రెక్కల్ని పరీక్ష కోసం విరిగేదాకా వంచారు, గరిష్ఠ భారానికి 154 శాతం దగ్గర విరిగాయి. 2006లో ఎయిర్‌బస్ ఏ380 రెక్క 1.45 దాటాక, 1.5 చేరకముందే తెగింది. ఆ ఒక్క కాస్త తేడాకే రెక్కలో కొన్ని భాగాల్ని బలపరచాల్సి వచ్చింది. విమానంలో వాడే లోహం ఏ కొలిమిలోంచి వచ్చిందో కాగితం ఉంటుంది. పగుళ్లు వెతకడానికి ఇన్ని గంటలకోసారి అని తనిఖీ ఉంటుంది. ఏ వేగం దాటకూడదో, ఎంత బరువు ఎక్కించకూడదో పైలట్‌కి గీత గీసి ఉంటుంది. ఇంత తెలుసుకున్నారు కాబట్టి తెలియనిదానికి తక్కువ వదిలారు. అదే లిఫ్ట్ చూడండి. మూడు, అంతకన్నా ఎక్కువ తాళ్లున్న లిఫ్టుకి యూరప్ ప్రమాణం కనీసం 12 రెట్లు అడుగుతుంది. ఆ తాడు రోజుకి వందలసార్లు కప్పీ మీద వంగుతుంది, అరుగుతుంది. ఎక్కేవాళ్లెవరూ దాని ముఖం చూడరు.

కాబట్టి 3 గొప్పా 1.8 గొప్పా అనే వాదనలోకి దిగకండి. "1.8కి దించుదాం సర్, కానీ తీసేసే ఆ 1.2 ఇప్పుడు మోస్తున్నవాటిని ఇకమీద ఎవరు మోస్తారు?" అని అడగండి. మోటారు వణుకుడు కొలిచారా, ఊహించారా? బ్రాకెట్‌కి వాడే స్టీలుకి టెస్ట్ సర్టిఫికెట్ వస్తుందా, లేక దొరికిన ప్లేటుతో చేస్తారా? వెల్డింగు ఎవరు చూస్తారు? అలసట వల్ల, అంటే లక్షలసార్లు ఊగి ఊగి వచ్చే ఫెటీగ్ వల్ల, పగులు పుడితే అది కింద నిలబడిన మనిషికి కనిపించే వైపు పుడుతుందా, గోడవైపా? ఈ చివరిది నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకుంటాను. వంగి, సాగి, చప్పుడు చేసి హెచ్చరించే భాగానికి తక్కువ మార్జిన్‌తో ఒప్పుకోవచ్చు. చెప్పాపెట్టకుండా ఊడిపడేదానికి ఒప్పుకోకూడదు, అందులోనూ కింద మనుషులు తిరుగుతుంటే. వీటికి జవాబులు దొరికితే 1.8 మీద నిశ్చింతగా సంతకం పెట్టండి. దొరకకపోతే 3 భయం కాదని మీరే కాగితం మీద చూపించగలరు.

ఇదే ప్రశ్న మీరూ వేసుకోవాలి. మీ 3 ఎక్కడి నుంచి వచ్చింది? "ఎప్పుడూ అంతే వేస్తాం" అన్నదే జవాబైతే ఆయన అన్నదాంట్లో నిజం ఉన్నట్టే.

ఇప్పుడు రైలు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇల్లు కాదు, "ఇప్పటిదాకా ఒక్కటీ తప్పిపోలేదు" అన్న ముక్క. 1986 జనవరి 28న నాసా అంతరిక్ష నౌక చాలెంజర్ షటిల్ పేలిపోయి ఏడుగురు చనిపోయారు. బూస్టర్ రాకెట్ అతుకుల దగ్గర వేడి వాయువు బయటికి రాకుండా రబ్బరు రింగులుంటాయి. అంతకుముందు ప్రయోగాల్లోనే కొన్ని రింగులు కాలి అరిగిపోవడం గమనించారు. ఒకసారి అరుగుదల రింగు వ్యాసార్ధంలో మూడోవంతు దాకా వెళ్లింది. దానికి మూడు రెట్లు అరిగితే గానీ రింగు విఫలం కాదు కాబట్టి మనకి మూడు రెట్ల సేఫ్టీ ఫ్యాక్టర్ ఉందని రాసుకున్నారు. విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఈ మాటని పట్టుకున్నారు. ఆ రింగు అసలు అరగకూడదు. వంతెన దూలానికి మూడోవంతు దాకా పగులు వస్తే, ఇంకా రెండు వంతులుందని ఎవరూ స్థిమితపడరు. పగులు వచ్చిందంటేనే లెక్క ఎక్కడో తప్పినట్టు.

కదిలే రైలు అందుకున్న ప్రతిసారీ మీరు, "చూశావా, టైమ్ సరిపోయింది" అని లెక్కలో కలుపుకుంటున్నారు. ఆ నిమిషం నిజానికి మీది కాదు. దారిలో ఆగిపోయే ట్రాఫిక్‌ది, మరిచిపోయిన ఫోన్ కోసం వెనక్కి తిరగడానిది. అవి ఇంతవరకు అడగలేదు కాబట్టి మీరు వాడుకున్నారు. ఇకమీద ఎప్పుడైనా ప్లాట్‌ఫామ్ మీద పరిగెత్తాల్సి వస్తే, రైలు ఎక్కినా సరే, తప్పిపోయినట్టే రాసుకోండి. అలా రాసుకుంటే మీ రికార్డు ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

పైలట్లకి ఇది నియమంగానే ఉంది. జెట్ విమానం గమ్యం చేరడానికి సరిపడా ఇంధనం నింపుతారు, దారిలో తేడాలకి ఇంకొంత, గమ్యంలో దిగే వీలు లేకపోతే మరో విమానాశ్రయం చేరడానికి ఇంకొంత. ఇవన్నీ పోను మరో 30 నిమిషాలు గాల్లో ఉండగలిగేంత మిగలాలి. ఆ ఆఖరి 30 నిమిషాల దాంట్లోంచి తీస్తే తప్ప క్షేమంగా దిగలేమని లెక్క తేలిన క్షణంలోనే పైలట్ రేడియోలో "మేడే ఫ్యూయల్" అని చెప్పాలి. ఇంజన్లు బాగానే తిరుగుతుంటాయి, ట్యాంకులో ఇంధనం ఉంటుంది, ప్రయాణికులకి ఏ తేడా తెలియదు. అయినా అది అత్యవసర పరిస్థితే. బ్యాంకులో పక్కన పెట్టుకునే డబ్బుని నేను ఇలాగే చూస్తాను. అందులోంచి తీయడం తప్పు కాదు. తీసిన రోజున మాత్రం ఇంట్లో ఇద్దరూ కూర్చుని, ఇప్పుడు మనం మామూలుగా లేము అని ఒకరికొకరు చెప్పుకోవాలి.

గడువుల గురించి క్లుప్తంగా చెబుతాను. 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో డిగ్రీ చివరి ఏడాది థీసిస్ రాస్తున్న సైకాలజీ విద్యార్థుల్ని ఎప్పటికి ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లు పడుతుందని కూడా అడిగారు, దాదాపు 49 అన్నారు. చివరికి పట్టింది 55కి పైనే. చెడ్డ రోజుల్ని ఊహించుకోమన్నా మనసు ఇంతకు మించి ఊహించలేకపోయింది. అందుకే మార్జిన్ కోసం ఊహని అడగకండి, గతాన్ని అడగండి. మీరు ఇటీవల ముగించిన అయిదారు పనులు తీసుకుని, అనుకున్న రోజులెన్ని, పట్టినవెన్ని అని రాయండి. ఒకటిన్నర రెట్లని తేలితే ఒకటిన్నర, రెండని తేలితే రెండు. ఇంకో మాట, ఆ అదనపు రోజుల్ని ప్రతి చిన్న పనిలోనూ కాస్త కాస్త దాచకండి. దాచినవి అక్కడికక్కడే ఖర్చయిపోతాయి. అన్నీ కలిపి చివర ఒకే ముద్దగా, అందరికీ కనిపించేలా పెట్టండి.

ఇక ఇల్లు. ఇక్కడ నెమ్మదిగా చదవండి.

"సరిపోతోంది" అంటే మన భాషలో సేఫ్టీ ఫ్యాక్టర్ 1 అని. మీవారు తప్పు లెక్క చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టే చెప్పారు. నాకు ఎక్కువ భయం కలిగించేది మాత్రం మరొకటి. రెండు జీతాలున్నాయి కాబట్టి రెండు తాళ్లున్నాయనుకుంటున్నారు, ఒకటి తెగితే ఇంకోటి ఆపుతుందని. మీ లెక్కలో అవి రెండు తాళ్లు కావు, ఒకే గొలుసులో రెండు లింకులు. ఏ ఒక్కటి తెగినా వాయిదా ఆగుతుంది. ఒక్క జీతం మీద ఆధారపడినదానికన్నా, ఇద్దరి జీతాలూ ఆగకుండా వస్తేనే నిలిచే ఏర్పాటుకి ఆగిపోయే అవకాశం ఎక్కువ. మీరిద్దరూ ఒకే కంపెనీలోనో ఒకే రంగంలోనో ఉంటే దెబ్బ రెండిటి మీదా ఒకేసారి పడొచ్చు. 1989 జులై 19న యునైటెడ్ 232 విమానంలో అదే జరిగింది. డీసీ-10 రకం విమానం అది. అందులో రెక్కల, తోక పలకల్ని నూనె ఒత్తిడితో కదిపే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడు వేర్వేరుగా ఉంటాయి, మూడూ ఒకేసారి పోవన్న నమ్మకంతో. తోక దగ్గరి ఇంజన్‌లో ఒక డిస్క్ పగిలి ఎగిరిన ముక్కలు మూడిటి గొట్టాల్నీ తెంపేశాయి. మూడూ అక్కడ పక్కపక్కనే వెళుతున్నాయి మరి. 296 మందిలో 112 మంది పోయారు. రెండో ఆధారం ఉందా అని చూసినప్పుడల్లా, అది మొదటిదానితో ఎక్కడ కలుస్తోందో కూడా చూడండి.

రెండోది, ఇల్లు తన బరువు తాను తెచ్చుకుంటుంది. కెనడాలో క్యుబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కట్టుబడిలో ఉండగానే కూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. మధ్య భాగం పొడవుని 1,600 అడుగుల నుంచి 1,800కి పెంచారు గానీ, పెరిగిన వంతెన సొంత బరువుని సరిగా లెక్కించలేదు. బరువు ఎక్కువైందని తెలిసేసరికి చాలా పని అయిపోయింది. మార్జిన్ ఉందిగా, సర్దుకుంటుందని ముందుకెళ్లారు. బళ్లూ రైళ్లూ ఎక్కకముందే వంతెన తన బరువుకే కుంగింది. మీరు వాయిదా ఒక్కటే లెక్కేశారు. రిజిస్ట్రేషన్, పన్ను, మరమ్మతులు, వడ్డీ రేటు పెరిగితే పెరిగే వాయిదా, ఇవి ఇంటి సొంత బరువు. ముందు వాటిని ఎక్కించి, అప్పుడు మళ్లీ చూడండి.

చూడటానికి నేనైతే క్రేన్‌కి చేసే పనే చేస్తాను. క్రేన్‌ని వాడకంలోకి తెచ్చే ముందు దాని సామర్థ్యానికి 125 శాతం బరువు వేలాడదీసి పరీక్షిస్తారు. మీరూ వచ్చే నెల నుంచే వాయిదా కట్టడం మొదలుపెట్టండి, బ్యాంకుకి కాదు, వేరే ఖాతాలోకి. వాయిదాకి పాతిక శాతం కలపండి. ఇప్పుడు అద్దె కడుతుంటే అద్దె పోను మిగతాది వేయండి. ఆరు నెలలు ఒక్కసారి కూడా చెయ్యి పెట్టకుండా నడిస్తే, మీ టెన్షన్‌కీ మీవారి నమ్మకానికీ మధ్య తీర్పు మీకే దొరుకుతుంది, పైగా మొదటి రిజర్వు కూడా చేతిలో ఉంటుంది. మూడో నెలలోనే తీయాల్సి వస్తే పరీక్షలో పగులు కనిపించినట్టు. అప్పుడు ఇంకా చిన్న ఇల్లు చూడొచ్చు, చేతి డబ్బు పెంచుకుని ఏడాది ఆగొచ్చు. సంతకం పెట్టాక కనిపించే పగులుకి ఇన్ని దారులుండవు.

జాగ్రత్త ఎక్కడ ఆగుతుందని అడిగారు. నేను చూసేది ఒక్కటే, వెనక్కి తిరిగే దారి ఉందా అని. తప్పయితే మళ్లీ చేసుకోగలిగినదానికి మార్జిన్ పెద్దగా అక్కర్లేదు, ధైర్యంగా చేసేయండి. ప్రోటోటైప్‌ని 1.2తో చేసి, మనుషుల్ని దూరంగా ఉంచి, బెంచి మీద విరగ్గొట్టి చూడటంలో తప్పేముంది? వచ్చే సమాచారమే లాభం. కొత్త కోర్సు చేరడానికో కొత్త పని నేర్చుకోవడానికో అన్నీ సిద్ధమయ్యేదాకా ఆగడం నా దృష్టిలో పిరికితనమే. మనిషి ప్రాణం, ఏళ్లతరబడి ఉండే అప్పు, ఒకసారి పోతే తిరిగిరాని ఆరోగ్యం, వీటి దగ్గర మాత్రం తెగేదాకా లాగకూడదు. మీ మార్జిన్ ఏ ఆపద కోసమో చెప్పమంటే రెండు మూడైనా చెప్పగలగాలి. ఒక్కటీ చెప్పలేక, అయినా తగ్గించడానికి మనసొప్పకపోతే, అప్పుడు దాన్ని భయమనే అనుకోండి.

సోమవారం మీ లీడ్ దగ్గరికి వెళ్లే ముందు ఒకసారి ఆ బ్రాకెట్ బిగించబోయే చోట కింద నిలబడి పైకి చూడండి. వెల్డు మీ కంటికి కనిపిస్తుందా, మోటారు అడ్డొస్తుందా? అది చూసి నాకు రాయండి.